నూటికి నూరు శాతం కసరత్తు

రక్షణ మంత్రిగారు రావడానికి ఇంకా నలభై నిమిషాలుంది. 'నూటికి నూరు శాతం కసరత్తు చేసే దళం' అని గేటు మీద బ్యానర్ కట్టేశారు. అప్పుడు బయటపడింది, ఒక మనిషి తక్కువని.

"ఎవరయ్యా ఆ శాల్తీ?" కమాండర్ గారు నా టేబుల్ మీద గుద్దారు. నేను ఆయన ఆఫీసులో టైపిస్టుని.

"వైర్‌లెస్ ఆపరేటరమ్మాయి సార్. నాలుగు నెలలుగా వ్యాయామశాల గడప తొక్కలేదు."

"రోగమా?"

"ఫిర్యాదు సార్."

కమాండర్ గారి చురుకుదనం గురించి ఇక్కడ చెప్పి తీరాలి. ఆయన టేబుల్ మీద ఏ ఫిర్యాదూ ఒక పూటకి మించి నిలవదు. ఏ గదిలో జరిగిందో ఆ గది అధికారికే పంపేస్తారు. వ్యాయామశాలలో జరిగింది కాబట్టి ఇది శిక్షణాధికారికి వెళ్లింది. వెళ్లేముందు 'బలాత్కారం' అన్న మాట మర్యాదగా లేదని కొట్టేసి, 'అసౌకర్యం' అని నాచేత టైపు చేయించారు. ఎవరు చేశారో చెప్పే వాక్యం మరీ పొడుగైందని తీసేయించారు.

శిక్షణాధికారి మెరుపులా స్పందించారు. మొదటి ఫిర్యాదుకి రెండు ఫ్యాన్లు పెట్టించారు. రెండోదానికి గోడలకు రంగు వేయించారు. మూడోది చూసి, ఆ అమ్మాయి మనసు బాగుపడాలంటే రోజూ ఇంకో గంట తన దగ్గర కసరత్తు చేయాలని సిఫారసు చేశారు.

కమాండర్ గారు ఇప్పుడు ఆమెనూ, శిక్షణాధికారినీ పిలిపించారు.

"చూడమ్మా, ఇప్పుడే హాల్లోకెళ్లి పది నిమిషాలు గెంతు. లేదంటే అన్‌ఫిట్ అని రాసి ఇంటికి పంపేస్తా."

"మూడేళ్లు కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం సార్, వదులుకోను. హాల్లోకి మాత్రం వెళ్లను."

"ఒళ్లు వంగని వాళ్లంతా ఇలాగే కథలు చెబుతారు సార్," అన్నారు శిక్షణాధికారి.

మందుల పెట్టెతో నిలబడ్డ నర్సు ఊరుకోలేదు. "ఒళ్లు వంగకపోవడమేంటండీ? రోజూ ఒక్కతే కంచె చుట్టూ పన్నెండు కిలోమీటర్లు పరిగెడుతోంది. కాలిగోళ్లు ఊడిపోయాయి, కట్టు కట్టింది నేనే. ఆపవే తల్లీ అంటే, ఆగితే భయమేస్తుందక్కా అంటుంది."

కమాండర్ గారి మొహం చాటంత అయింది. "పన్నెండు కిలోమీటర్లా! ముందే చెప్పరేం?"

కంచె చుట్టూ ఉన్న బాటను వ్యాయామశాలలో భాగంగా ప్రకటిస్తూ అయిదు నిమిషాల్లో ఉత్తర్వు టైపు చేశాను. దళం నూటికి నూరైంది. ఆమె పరుగు మీద గ్రాఫ్ కూడా గీయమన్నారు. గీత మొదటి ఫిర్యాదు తేదీ దగ్గర మొదలై నిటారుగా లేచింది. నా సర్వీసులో అంత అందమైన గీత గీయలేదు.

"ఇదంతా ఎవరి చలవ?" అన్నారు కమాండర్ గారు. శిక్షణాధికారి వినయంగా తల వంచుకున్నారు. మంత్రిగారి చేతుల మీదుగా ఇచ్చే పతకం ఆయనకే రాసేశారు.

మంత్రిగారు వచ్చారు, గ్రాఫ్ చూసి పొంగిపోయారు. శిక్షణాధికారి ఛాతీ మీద స్వయంగా పతకం గుచ్చి, ఆ అమ్మాయిని వేదిక మీదకు రమ్మన్నారు. మెట్ల దగ్గర కమాండర్ గారు ఆమె చెవిలో, "థాంక్యూ సార్ అని దిగిపో తల్లీ, నీ ఉద్యోగానికి నాది పూచీ," అన్నారు.

"శభాష్! నిన్ను ఇంతలా పరిగెత్తించిన మహానుభావుడు ఎవరమ్మా?" మంత్రిగారు మైకు అందించారు. "గట్టిగా చెప్పు, అందరూ వినాలి."

"మీ పక్కనున్న శిక్షణాధికారి గారు సార్."

ఆ మాట వినబడగానే చప్పట్లు కొట్టమని ముందే ఆర్డరుంది. మైదానం దద్దరిల్లింది. ఆయన చేతులు జోడించి అన్ని వైపులకీ తిరిగారు. ఆమె మైకు వదల్లేదు. చివరి చప్పట్లు ఆగేదాకా ఓపిగ్గా నిలబడింది.

"వ్యాయామశాల తలుపు గడియపెట్టి నన్ను బలాత్కారం చేసింది ఈయనే."