తీజ్ బుట్ట కేసులో ముద్దాయి మేక

మా పక్కింటి మురళీకృష్ణ చేసింది నేను చచ్చేదాకా మరిచిపోను. “నేరం ఎక్కడ దాక్కున్నా సరే అన్నా, దాని ఊపిరి నాకు వినిపిస్తుంది,” అని నా సైకిల్ షాపు ముందు ప్రకటించిన రోజే షట్టర్ దించేసి ఉంటే బాగుపడేవాణ్ణి. ఏడో తరగతితో బడి మానేసిన నాలాంటివాడు ఎదురు ప్రశ్నలు వేయడని కాబోలు, తన డిటెక్టివ్ పనికి నన్ను అసిస్టెంటుగా వేసుకున్నాడు.

అది 2006. పాల్వంచలో మా కాలనీ నిండా లంబాడీలు, కోయలు, కోస్తా నుంచి వచ్చిన రైతు కుటుంబాలు, సాయిబులు. ఎవరి పండుగకు వాళ్లు మైకు పెట్టి పక్కవాళ్ల నిద్ర చెడగొట్టే బదులు, ఒక ఆదివారం అందరి ఆటలూ ఒకేచోట పెట్టుకుందామని ఆ ఏడే మొదటిసారి ఒప్పుకున్నాం. ముందు తీజ్. పెళ్లికాని లంబాడీ పిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, నీడన పెట్టి, రోజూ నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. ఆఖరి రోజు ఆ బుట్టలతో ఆడిపాడి నీళ్లలో కలుపుతారు.

శనివారం పొద్దున రూప్లి ఇంటి అరుగు మీంచి ఆమె మనవరాలు గోరి బుట్ట మాయమైంది. పిల్ల ఏడుపు ఆపలేదు. బుట్ట దొరక్కపోతే తమవాళ్లెవరూ ఆటకు రారని రూప్లి తేల్చేసింది. వాళ్లు లేకపోతే తామూ రామని కోయ డోళ్లవాళ్లన్నారు.

మురళీకృష్ణ కళ్లజోడు సవరించుకున్నాడు. “పోయింది బుట్టే కావచ్చు. వెనక ముఠా ఉంది.” కేసు పరమ రహస్యమనీ, తన ఇంట్లో కూడా తెలియకూడదనీ అందరిచేతా ఒట్టు వేయించాడు. అరుగు కింద దొరికిన మేక పెంటికను రుమాల్లో మూటగట్టాడు. బుట్టలోకి ఎరువుగా తెచ్చింది తానేనని రూప్లి మొత్తుకున్నా వినలేదు. కాలనీలో మేక ఉన్నది నాకొక్కడికే.

దాన్ని అదుపులోకి తీసుకున్నాడు. నోట్లో టార్చి వేసి చూడబోతే వేలు కొరికింది. కట్టు కట్టించుకొని వచ్చి, మేక నోరు విప్పడం లేదు కాబట్టి దాని వెనకున్న పెద్దమనిషి మీద నిఘా పెడుతున్నానని నాకే చెప్పాడు. ఆ పెద్దమనిషిని నేనే.

ఆదివారం మధ్యాహ్నం మా మేకను కట్టేసే కొట్టం పైకెక్కి, పక్కనే ఉన్న తన డాబాకు వీపు పెట్టి, నా కిటికీలోకి చూస్తూ కూర్చున్నాడు.

“దిగు మురళీ, అవి పాత రేకులు,” అన్నాను.

“అనుమానితులు సలహాలివ్వకూడదన్నా.”

రేకులు విరిగాయి. మేక పక్కన పడ్డాడు.

ఆ చప్పుడుకు డాబా మీంచి అతని తల్లి సుశీలమ్మ పరుగెత్తుకొచ్చింది. చేతిలో నీళ్ల చెంబు, చంకలో గోరి బుట్ట.

నీడన పాలిపోయిన మొలకలను చూసి, పొలం చేసిన ప్రాణం ఆగలేదట. ఎండలో పెట్టి, చిటికెడు యూరియా వేసి, పచ్చబడ్డాక ఇద్దామనుకుందట. బుట్ట కోసం వెతుకుతున్నారని తనకెవరూ చెప్పలేదట.

అప్పటికి చేరుకున్న రూప్లి బుట్ట అందుకొని మొలకలు తడిమి చూసింది. మేమంతా ఆమె వంక చూశాం.

“దీనికి పెండ్లిగాని పిల్లలే నీళ్లు పోయాలె వదినా. నువ్వు పోసినవంటే నీకు మళ్లా సంబంధం చూడాలె.”

సుశీలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గోరి ఏడుస్తూనే నవ్వేసింది. సాయంత్రం డోళ్లు మోగాయి. లంబాడీ ఆడవాళ్లు సుశీలమ్మనూ వరుసలోకి లాగారు. అన్ని బుట్టల్లోకీ గోరిదే పచ్చగా ఉంది.

దొంగను పైనుంచి దిగి పట్టుకున్నానని మురళీకృష్ణ మైకులో చెప్పాడు. కమిటీ శాలువా కప్పింది. చందాల్లో శాలువాకు డబ్బుంది గాని, నా కొట్టానికి లేదట.

రెండు సిమెంటు రేకులు, ఒక వాసం: ఏడు వందల ఎనభై రూపాయలు.