ఎనభై దాటనివ్వని మనిషి

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, మూడో అంతస్తు సెక్షనులో కిటికీ పక్క బల్ల మీదున్న ల్యాప్‌టాప్ తాలూకు బ్యాటరీ ఆయుష్షును నేటి నుంచి కంటికి రెప్పలా కాపాడవలెను. ఇట్లు, మేనేజరు.

ఈ సర్క్యులరు గోడకెక్కిన పూట పెద్దగుమాస్తా దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివాడు. కాపలా ఎవరిదో అడుగున రాసి ఉంది. ఆయనదే.

ఆ ల్యాప్‌టాప్ వచ్చిన నాటి నుంచీ బల్ల మీంచి కదిలిన పాపాన పోలేదు. పొద్దున్న ప్లగ్గు పెడితే సాయంత్రం దాకా కరెంటు మీదే బతుకుతుంది. అలా ఎప్పుడూ నూటికి నూరు నిండి ఉంటే బ్యాటరీ తొందరగా ముసలిదైపోతుందనీ, దానికి వేడి పడదనీ, నలభైకీ ఎనభైకీ మధ్య ఉంచితే నాలుగు కాలాలు చల్లగా ఉంటుందనీ మేనేజరుగారు ఒక సెలవు రోజున చదివారు. చదివినదాంట్లో తప్పేమీ లేదు. ఆఫీసుల్లో జరిగే అనర్థాల్లో చాలా భాగం తప్పులేని చదువు నుంచే పుడుతుంది.

ఆయన సెక్షనునంతా నిలబెట్టి ప్రసంగించారు. "బ్యాటరీ అంటే ఎవరు? మన కోసం నోరు మూసుకుని అరిగిపోయే ప్రాణి! విశ్రాంతి కావాలని అది అడగదు, మనమే తెలుసుకోవాలి. రోజంతా నిండు బలంతో నిలబెట్టడం క్రూరత్వం!" ఆగి మంచినీళ్ళు తాగారు. నిలబడి వింటున్నవాళ్ళలో ఇద్దరికి ముందురోజు భోజనం చేసే తీరిక దొరకలేదు, ఒకావిడ ఒళ్ళు కాలిపోతున్న జ్వరంతో వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

తాత్కాలిక ఉద్యోగంలో ఉన్న టైపిస్టు, పాపం లోకం తెలియక, చెయ్యెత్తింది. "సార్, దీన్లోనే సెట్టింగ్ ఉంటుందండీ. ఎనభై దగ్గర ఆగమని ఒక్కసారి నొక్కితే చాలు, అదే ఆగిపోతుంది. ప్లగ్గు తియ్యనే అక్కర్లేదు."

మేనేజరుగారు జాలిగా నవ్వారు. "ఆ సెట్టింగ్ రిజిస్టర్లో సంతకం పెడుతుందా అమ్మా? రేపు తేడా వస్తే మెమో ఎవరికివ్వను?"

ఈ ప్రశ్నకు విజ్ఞానశాస్త్రం దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు. కాబట్టి పెద్దగుమాస్తా చేతికి రిజిస్టరు వచ్చింది. ఎనభై రాగానే ప్లగ్గు పీకాలి, నలభైకి దిగగానే పెట్టాలి, టైము రాసి సంతకం చెయ్యాలి. సెక్షనులో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానునూ ల్యాప్‌టాప్ వైపు తిప్పారు. ఇరవైతొమ్మిదేళ్ళుగా చేస్తున్న ఫైళ్ళ పని ఎలాగూ ఉండనే ఉంది. ఆ ఎనభై అనేది ఎక్కడినుంచి చూసేదో గానీ, సరిగ్గా ఆయన క్యారేజీ మూత తీసే వేళకే వచ్చి కూర్చునేది.

"బాబాయ్‌గారూ, రోజుకి మూడుసార్లు ఇలా దించి ఎక్కిస్తుంటే అరుగుదల ఇంకా ఎక్కువండీ" అంది టైపిస్టు, ఉండబట్టలేక.

"అరుగుదలకి రిజిస్టర్లో గడి లేదమ్మా" అన్నాడాయన, ముఖం తుడుచుకుంటూ.

నాలుగో నెలలో మెట్లెక్కుతుంటే గుండెలో పట్టేసింది. భార్య బలవంతాన డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరు చూసి, "ఎప్పుడూ పూర్తి బలంతో పరిగెత్తకండి. వేడికి దూరంగా ఉండండి. పదిహేను రోజులు అన్నీ కట్టిపెట్టి పడుకోండి. లేకపోతే నేను చెప్పేదేమీ లేదు" అన్నాడు.

"ఏవండీ, ఇవి మీ మేనేజరు ఆ బ్యాటరీకి చెప్పిన జాగ్రత్తలే కదా!" అంది భార్య.

పెద్దగుమాస్తా డాక్టరు చీటీ జతచేసి సెలవు అడిగాడు. మేనేజరుగారు నిర్ఘాంతపోయారు. "పదిహేను రోజులా? ఎనభై దగ్గర పీకేదెవరయ్యా? ఆ బ్యాటరీ పోతే కొత్తది తెప్పించడానికి పై ఆఫీసులో ఏడు సంతకాలు కావాలి. ఏడు!"

"మరి నేను పోతేనండీ?" నోరు జారింది.

మేనేజరుగారు చెడ్డవారు కారు. నిజాయితీగా ఆలోచించి చెప్పారు. "ఒకటి చాలు. నాదే."

ఇంటికెళ్ళి ఆ మాట చెబితే భార్య పకపకా నవ్వింది. "మా నాన్న కాస్త ఆగి నాకు ఏడు సంతకాల సంబంధం చూడాల్సింది" అంది. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. "నాకు భయంగా ఉందండీ. ఆ ప్లగ్గు వాళ్ళ మొహాన కొట్టి వచ్చెయ్యండి."

"ఇన్‌స్పెక్షను అయిపోనీవే, ఒక్క వారం" అన్నాడు. భయం ఆయనకీ ఉంది. కానీ భయానికి కూడా రిజిస్టర్లో గడి లేదు.

ఇన్‌స్పెక్షను నాడు మధ్యాహ్నం, తెర మీద డెబ్బైతొమ్మిది ఉండగా, చెయ్యి ప్లగ్గు వైపు చాచి అలాగే కుప్పకూలిపోయాడు. మేనేజరుగారు పరుగెత్తుకొచ్చి తెర చూసి కేకేశారు. "అయ్యో, ఎనభై దాటిపోతోంది! ఎవరైనా పీకండి!" టైపిస్టు ఒక చేత్తో ప్లగ్గు పీకి, రెండో చేత్తో అంబులెన్సుకు ఫోను చేసింది.

ప్రాణం దక్కింది. మూడో రోజు ఆసుపత్రిలో కళ్ళు తెరిస్తే, మంచం పక్కన గుండె గీతలు చూపే యంత్రం కనబడింది. దాని మూల బ్యాటరీ బొమ్మ, పక్కన నూరు. గోడకి ప్లగ్గు. ఆయన చెయ్యి దానంతటదే వెళ్ళి లాగేసింది. యంత్రం గొల్లుమంది.

నర్సు పరుగున వచ్చింది. "ఏం చేశారండీ!"

"నూరయిపోయిందమ్మా. ఎనభైకే పీకాలి."

ఆవిడ ప్లగ్గు మళ్ళీ పెట్టి, దుప్పటి సర్దింది. "ఇది నిండుగానే ఉండాలి బాబాయ్‌గారూ. కరెంటు పోతే మీకు పనికి రావద్దూ? అది అరిగితే అరుగుతుంది."

బ్యాటరీ ఉన్నది మనిషి కోసమన్న మాట ఆయన వినడం అదే మొదలు. భార్య చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పళ్ళసంచితో గుమ్మంలో నిలబడి ఇదంతా చూసిన మేనేజరుగారికీ కళ్ళు చెమర్చాయి. "చూశారా! ఒంట్లో ప్రాణం లేకపోయినా ప్లగ్గు పీకాడు. అంకితభావమంటే ఇదీ!" అని వార్డుకి చెప్పి, ఆఫీసుకెళ్ళి రెండు ఉత్తర్వులు జారీ చేశారు. మొదటిది: కాపలాదారు లేనందున బ్యాటరీకి చల్లని గదిలో పదిహేను రోజుల విశ్రాంతి. రెండోది: పెద్దగుమాస్తాను అనారోగ్య కారణంగా ఇంటికి పంపి, ఆ చోట టైపిస్టును కాపలాదారుగా, తాత్కాలికం కాకుండా, శాశ్వతంగా నియమించడమైనది. కింద ఒకటే సంతకం.

పదహారో రోజు పొద్దున్న టైపిస్టు ఆ కుర్చీలో కూర్చుంది. బాబాయ్‌గారు గుర్తొచ్చి సెట్టింగ్ తెరిచింది. ఎనభై దగ్గర ఆగమనే చోటికి వేలు వెళ్ళింది. ఒక్క నొక్కు. నొక్కితే ప్లగ్గు పీకే పని ఉండదు. పీకే పని లేకపోతే ఈ కుర్చీ ఉండదు. ఇంట్లో చెల్లెలి చదువు గుర్తొచ్చింది, అమ్మ మందులు గుర్తొచ్చాయి. సెట్టింగ్ మూసేసి, రిజిస్టరు తెరిచి టైము రాసి సంతకం పెట్టింది.

మీరైతే నొక్కేవారే. అందులో మాకు ఏ సందేహమూ లేదు.