మేడమీద కథాశిల్పం

చిత్తూరు సంతపేటలో బెల్లం మండీ మునిరామయ్యగారి మేడమీది గదిలో బాడుగకుంటున్న కాలేజీ తెలుగు అయ్యవారు ధనంజయ ఆ శనివారం పొద్దున ఒకే ఒక్క పని పెట్టుకున్నాడు. ప్రిన్సిపాల్ ఆ రోజు అతని తరగతికి వచ్చి వెనక బెంచీలో కూర్చుంటారు. పాఠం నచ్చితే తాత్కాలిక ఉద్యోగం ఖాయమవుతుంది. నచ్చకపోతే మళ్ళీ ఏర్పేడు పోయి నాయనతో కలిసి వేరుశనగ చేలో కలుపు తీయాలి. అందుకని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మేడమీద అటూ ఇటూ తిరుగుతూ పాఠం గట్టిగా వల్లె వేసుకుంటున్నాడు. ఒక పడుచు జంట ప్రేమకథ అది. అందులోని కథాశిల్పాన్ని విడమరిచి చెప్పాలి.

“రచయిత ఈ అమ్మాయి పేరు ఎక్కడా చెప్పడు. కింది ఇంటి అమ్మాయి అంటాడు, అంతే. అబ్బాయి చేతిలో గొడుగు ఉంది. ఇంత ఎండలో గొడుగెందుకు? రాబోయేదానికి అది ముందస్తు సూచన. సాయంత్రం వాన పడుతుంది. ఇద్దరూ ఇల్లు విడిచి వెళ్ళిపోతారు.”

ఎండుమిరపకాయలు ఆరబోయడానికి చేట పట్టుకుని వస్తున్న ఇంటావిడ చంద్రకాంతమ్మ మెట్లమీదే నిలబడిపోయింది. కింది ఇంట్లో ఉన్న అమ్మాయి ఒక్కతే, ఆమె కూతురు నిర్మల. ఆ సాయంత్రమే పలమనేరు నుంచి డెయిరీవాళ్ళు పెళ్ళిచూపులకు వస్తున్నారు. చంద్రకాంతమ్మ చేటతో సహా వెనక్కి తిరిగింది.

కాసేపటికి మునిరామయ్య పైకి వచ్చాడు.

“అయ్యవారూ, ఇందాక ఏదో పిల్ల సంగతి చెప్తా ఉన్నారంట. ఎవురా పిల్ల?”

ఇంటాయనకు సాహిత్యం మీద మనసు పోయిందని ధనంజయ మురిసిపోయాడు. “పేరు చెప్పకూడదండీ. అందమంతా దాచిపెట్టడంలోనే ఉండాది.”

“వాళ్ళ నాయనకు తెలుసునా?”

“చివరిదాకా తెలీదు. మనకి తెలుసు, ఆయనకి తెలీదు. నవ్వొచ్చేది ఆడనే.”

మునిరామయ్యకు నవ్వు రాలేదు. “ఎట్ల పోతారు?”

“ఒకే గొడుగు కింద, బస్టాండుకు.”

“ఆడినించి యాడికి?”

“అది మనం తేల్చకూడదండీ. పాఠకుడికి వదిలిపెట్టెయ్యాల.”

మునిరామయ్య మొహం బెల్లం పాకంలాగా ముదిరిపోయింది. “పాఠకుడా? పేరు చూస్తే ఉత్తరాదోడు మాదిరుండాడే” అని గొణుక్కుంటూ దిగిపోయాడు. ఆ మాటకు అర్థమేమిటో ధనంజయ ఆలోచిస్తుండగానే మెట్లగది తలుపుకు అవతలివైపు గడియ పడింది.

అతను తలుపు తట్టాడు. “అమ్మా, నేను కాలేజీకి పోవాల.”

“సాయంత్రం దాకా ఆడనే ఉండండి అయ్యవారూ. అన్నం పైకే తెస్తాను” అంది చంద్రకాంతమ్మ తలుపు వెనకనుంచి. “మీరు బయటికి పోతే వాళ్ళకి చెప్పేస్తారు.”

“ఎవురికమ్మా?”

“పేర్లు చెప్పకూడదని మీరే అంటిరి కదా.”

ధనంజయకు ఏమీ పాలుపోలేదు. పిట్టగోడ దగ్గరికి వెళ్ళి కిందికి చూశాడు. వీధిలో మునిరామయ్య తన బావమరిది మునస్వామికి చెవిలో చెప్తున్నాననుకుంటూ వీధంతా వినబడేట్టు చెప్తున్నాడు. “పాఠకుడని ఒకడు. ఉత్తరాదోడు. చేతిలో గొడుగుంటాది. బస్టాండులో కనబడితే పట్టుకోని రా.” తన పాఠంలోకి ఉత్తరాదివాడు ఎప్పుడు వచ్చాడో ధనంజయకు ఎంత తవ్వినా గుర్తుకు రాలేదు. ఈలోగా కాలేజీ వేళ దాటిపోయింది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి మునస్వామి ఒక కుర్రవాణ్ణి చొక్కా పట్టుకుని తీసుకొచ్చాడు. కుర్రవాడి చంకలో నల్లగొడుగు ఉంది.

“బస్టాండంతా వెతికినాను బావా. ఈ ఎండలో గొడుగుతో దిగినోడు ఈడొక్కడే. తెలుగు మాత్రం బాగా నేర్చుకోనుండాడు.”

“పలమనేరులో తుంపర పడతా ఉంటే తెచ్చుకుంటిని” అన్నాడు కుర్రవాడు.

“నీ పేరేంది?”

కుర్రవాడు నేల చూశాడు. సాక్ష్యానికి అయ్యవారిని కూడా దించుకురమ్మని మునిరామయ్య కేకేశాడు. ధనంజయ కిందికి వచ్చేసరికి మునస్వామి చెయ్యి పైకి లేచి ఉంది. అప్పుడే గడపలోంచి నిర్మల బయటికి వచ్చింది.

“మామా, ఆయన్ని వదులు. ఆయన జయరామ్. సాయంత్రం వచ్చే పెళ్ళికొడుకు.”

మునస్వామి చెయ్యి దించేశాడు. మునిరామయ్య కూతురివైపు తిరిగాడు. “పెండ్లికొడుకును నేనే ఇంకా చూడలేదు. నీకెట్ల తెలుసు?”

నిర్మల ఇక దాచలేదు. ఉన్నదంతా చెప్పేసింది. పోయినేడు జయరామ్ ఈ ఊళ్ళో ఉండి టైపు నేర్చుకున్నాడు. ఇద్దరివీ పక్కపక్క మిషన్లు. ఇంట్లో ప్రేమ అంటే ఒప్పుకోరని, తెలిసిన పెద్దమనిషి చేత రెండిళ్ళకూ సంబంధం చెప్పించింది వాళ్ళే. సాయంత్రం ఏ చీర కట్టుకోవాలో చెప్పడానికి పెద్దవాళ్ళకంటే ముందుగా బయల్దేరి వచ్చాడు జయరామ్.

మునిరామయ్య అరుగుమీద కూలబడ్డాడు. “సంబంధం నేను మెచ్చిందే. పిల్లోడూ బాగుండాడు. మరి నేనిప్పుడు ఒప్పుకున్నట్టా, మోసపోయినట్టా?” అని, చదువుకున్నవాడు కదా అని ధనంజయ వైపు చూశాడు. “పాఠకుడు ఈడేనా, ఇంకొకడుండాడా? మీరే చెప్పాల.”

“పాఠకుడంటే కథ చదివేవాడండీ” అన్నాడు ధనంజయ. అప్పటికిగాని అతనికి పొద్దుటినుంచి జరిగింది బోధపడలేదు. నిర్మల కళ్ళ నిండా నీళ్ళున్నాయి. తన నోటి చలవే ఇదంతా అనుకుని, తోచింది చెప్పాడు. “జరిగింది జరిగినట్టే చెప్పాలని లేదండీ. వరస మార్చి చెప్పడం కూడా శిల్పమే. ముందు పెండ్లిచూపులు, తర్వాత ప్రేమ. మనుషులు వాళ్ళే, ముగింపూ అదే.”

చంద్రకాంతమ్మ కళ్ళు తుడుచుకుని, “సాయంత్రం ఇద్దరూ మొదటిసారి చూసుకుంటారు. పోయి మొహం కడుక్కోండబ్బా” అంది. సాయంత్రం నిర్మల తల ఎత్తలేదు. జయరామ్ గొడుగు పిడివైపే చూస్తూ కూర్చున్నాడు. ఈ కాలంలో ఇంత సిగ్గున్న పిల్లలను చూడలేదని పెళ్ళికొడుకు తల్లి పొంగిపోయి, అక్కడికక్కడే తాంబూలాలు మార్చుకుందామంది.

సోమవారం ధనంజయ కాలేజీకి వెళ్ళి, క్లాసు ఎందుకు తప్పిందో ఒక్క ముక్క దాచకుండా ప్రిన్సిపాల్‌కు చెప్పుకున్నాడు. ఆయన అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“దీంట్లో ఒక్క ముక్క నేను నమ్మనప్పా. అయినా బాగా అల్లినావు. పిల్లకాయలకి ఇట్లనే చెప్పు, ఉద్యోగం సంగతి నేను చూసుకుంటా.”

ఆ నెలాఖరుకు ధనంజయ చేతికి రెండు కాగితాలు అందాయి, ఉద్యోగం ఉత్తర్వూ, నిర్మల శుభలేఖా. పెళ్ళి భోజనంలో మునిరామయ్య దగ్గరుండి రెండోసారి పాయసం పోయించాడు. మర్నాడు వాకిట్లో కొత్త పలక వేలాడింది: “మేడగది బాడుగకు ఇవ్వబడును. లెక్కల అయ్యవార్లు మాత్రమే రావలెను.”