హైందవి ఇచ్చిన చెవి

పసిపిల్ల చెవిని గిన్నె అనుకున్న పెద్దలారా, ఈ మాట మీకే. దోషులు మీరే. ప్రేమతో పోశామంటారు. ప్రేమతో పోస్తే నూనె నూనె కాకుండా పోతుందా?

మధురానగర్‌లో హనుమాండ్లు ఇంట్లో జరిగింది వినండి. ఆయన అమీర్‌పేటలో జాకెట్లు కుట్టే టైలరు. నాలుగేళ్ల మనవరాలు హైందవికి మూడు రోజులుగా జలుబు, జ్వరం, చెవిపోటు. కొడుకు విక్రమ్, కోడలు చంద్రిక ఆఫీసులకు పోవాలి. హనుమాండ్లు, భార్య మంగవ్వ పదింటికి పిల్లను పంజాగుట్టలో చెవి డాక్టరుకు చూపాలి. ఆ పొద్దుటి ఏర్పాటు అదే. అంతవరకు ఊరుకుంటే ఈ కథే లేదు.

తెల్లారగానే హనుమాండ్లు ఉల్లిగడ్డ దంచి రసం పిండాడు. కోడలు చూస్తే ఏమంటుందోనని పిల్లను బాల్కనీలోకి తీసుకుపోయాడు.

"బంగారూ, జర చెవి ఇయ్యవే."

హైందవి కాసేపు ఆలోచించి, తల వంచి కుడిచెవి ఇచ్చింది. ఆయన నాలుగు చుక్కలు వేశాడు.

"మమ్మీకి చెప్పకు."

తొమ్మిదిన్నరకు పిల్లకు మంకీక్యాప్ తొడిగి ముగ్గురూ ఆటో ఎక్కారు.

"ఆకలైతుందా బిడ్డా?"

పిల్ల పలకలేదు. మళ్లీ పిలిచాడు. చెవి దగ్గర చప్పట్లు కొట్టాడు. హైందవి మెట్రో పిల్లర్లు చూస్తూ కూర్చుంది.

హనుమాండ్లుకు ఉల్లిగడ్డ రసం గుర్తొచ్చింది. తన కుట్టు మిషను చప్పుడుకు అడుగులేసి ఆడే పిల్ల. దాని వినికిడిని తన చేతులతోనే తీసేశాడు. కొడుక్కి ఫోన్ చేశాడు.

"విక్రమ్, పిల్లకు ఇనబడ్తలేదురా."

"వస్తున్న బాపూ."

బేగంపేట నుంచి కొడుకు, ఎర్రమంజిల్ నుంచి కోడలు డాక్టరు దగ్గరికే పరుగెత్తుకొచ్చారు. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆ ఇంట్లో అంత మర్యాద ఎన్నడూ లేదు.

డాక్టర్ కుసుమకుమారి మంకీక్యాప్ తీసి కుడిచెవి చూసింది.

"ఈ దూది ఎవరు పెట్టారండీ?"

"నేనే మేడం," అంది చంద్రిక. "గాలి పోవద్దని."

దూది తీయగానే గదంతా వాసన.

"ఈ నూనె ఏంటి?"

"ఎల్లిపాయేసి కాచిన," అంది మంగవ్వ. "గోరెచ్చగనే పోసిన."

"మరి ఈ తెల్లటిది?"

విక్రమ్ నేల చూశాడు. "పోయినేడు నాకు రాసిన చుక్కలు మేడం. ఫ్రిజ్‌ల మిగిలినయి."

"ఇంకేదో ఘాటుగా వస్తోంది."

"ఉల్లిగడ్డ రసం," అన్నాడు హనుమాండ్లు.

"ఉప్పొక్కటే తక్కువండీ," అంది డాక్టరు.

ఆమె చెవి శుభ్రం చేసి లైటు పెట్టి లోపలికి చూసింది. "కర్ణభేరి చక్కగా ఉంది. ఈ చెవికి ఏ జబ్బూ లేదు."

హనుమాండ్లు పిల్ల ముందు కూర్చుని, గొంతు చించుకున్నాడు. "ఏ చెవి నొస్తుందే బంగారూ?"

"అరవకు తాతా, ఇనబడ్తుంది," అంది హైందవి. చేత్తో ఎడమచెవి మూసుకుంది. "గిది."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "మరి నాకు గా చెవెందుకు ఇచ్చినవ్?"

"గిది ముట్టుకుంటే నొస్తది. మీరందరు పోస్తమంటుండ్రు. గందుకే మంచి చెవి ఇచ్చిన."

ఎడమచెవిలో కర్ణభేరి ఎర్రగా ఉబ్బి ఉంది. వెనక చీము.

"జలుబు ముక్కు వెనకనుంచి చెవిలోకి పాకింది," అంది డాక్టరు. "పైనుంచి ఏం పోసినా అక్కడికి చేరదు. కర్ణభేరికి రంధ్రం ఉంటే మాత్రం చేరుతుంది, అప్పుడు ఇంకా ప్రమాదం. నొప్పికి మందు, ఏడు రోజుల యాంటీబయాటిక్ రాస్తున్నా. రెండు రోజుల్లో జ్వరం తగ్గకపోతే మళ్లీ తీసుకురండి. ఆ చీము పోయాక ఈ చెవీ వింటుంది."

ఇక ఆపండి. పిల్ల చెవి నొస్తే డాక్టరుకు చూపండి. చెవిలో ఏదీ పోయకండి. పాత సీసాలు ఇవాళే పారేయండి. రాసిన మందు, నొప్పి తగ్గినా సరే, చివరి రోజు దాకా వేయండి. అన్నిటికన్నా ముందు, ఏ చెవి నొస్తోందో పిల్లనే అడగండి. ఆ ఇంట్లో ఆ సంగతి తెలిసింది దానికొక్కదానికే.