ఈతచెలమ తనిఖీ

ఒక పెద్ద అడవిలో పులిరాజు గారు గద్దె ఎలా ఎక్కారు, ఎక్కిన ఏడాదే జింకల సంఖ్య ఎందుకు తగ్గింది, సభలో నక్కలే ఎందుకు నిండిపోయాయి అన్న విషయాలు ఈ కథలో చర్చించబడవు. అవి పెద్దల వ్యవహారాలు. ఇక్కడ చెప్పబోయేవి మూడే సంగతులు: బడి, మందు, రేవు.

ఆ అడవిలో ఏడు గూడేలు ఉండేవి. ప్రతి గూడేనికీ ఒక బడి, ఒక వైద్యశాల, వాగు దాటించడానికి ఒక దున్నపోతు ఉన్నాయని అటవీ సభ ఏటా చాటింపు వేయించేది. చాటింపు వేసేది వడ్రంగిపిట్ట కనుక ఆ మాట ప్రతి చెట్టుకూ వినిపించింది. బడి మాత్రం ఏ చెట్టు కిందా కనిపించలేదు.

గూడేలవారు కొన్నాళ్లు ఓపిక పట్టారు. తరువాత ఒకరినొకరు అడిగి చూశారు. చివరికి సభను అడగడం మొదలుపెట్టారు. సభకు ఇబ్బంది అక్కడే వచ్చింది.

సభ కార్యదర్శి చిదంబరం అనే నక్క. ఒక తనిఖీ వేస్తే ప్రశ్నలు ఆగుతాయని ఆయన పులిరాజుకు విన్నవించాడు. తనిఖీ వేస్తే దొరికిపోమా అని రాజుగారు సందేహించారు.

"తనిఖీ చేసేవారిని మనమే ఎంచుకుంటే దొరకం ప్రభూ" అన్నాడు చిదంబరం.

ఆయన ఎంచుకున్నది వీరరాఘవులు గారిని. వీరరాఘవులు గారు ఉడుము. దస్త్రాల గుహలో ముప్పై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. మాట తక్కువ. నవ్వు ఇంకా తక్కువ. సర్వీసులో ఏ పనినీ మరుసటి రోజుకు మిగల్చలేదన్న కీర్తి ఒక్కటే ఆయన సంపాదించుకున్నది. గూడేనికి ఒక రోజు, సూర్యాస్తమయానికి సంతకం, ఎనిమిదో రోజున నివేదిక. ఇంత కచ్చితమైన మనిషి, అదే, ఇంత కచ్చితమైన ఉడుము మరొకరు దొరకరని సభ తీర్మానించింది.

మొదటి రోజు రేగులపాడు. బడిలో సుభాషిణి అనే గోరువంక పంతులమ్మ కుందేలు పిల్లలకు వాన పాఠం చెబుతోంది. మబ్బు కమ్మింది, ఉరిమింది, చినుకు పడింది అని అక్కడ ఆపింది. వైద్యశాలలో భూషణం అనే ఎలుగుబంటి వైద్యుడు మందు నూరుతున్నాడు. రేవులో గంగులు అనే దున్నపోతు ముగ్గురిని వీపున ఎక్కించుకుని వాగు దాటించాడు. వీరరాఘవులు గారు మూడూ చూశారు, మూడు వాక్యాలు రాశారు, సూర్యాస్తమయానికి సంతకం చేశారు.

రెండో రోజు తంగేడుబయలులో కూడా పాఠం చినుకు దగ్గరే ఆగింది. వైద్యుడి ఎడమ చెవి మీద నిన్నటి మచ్చే ఉంది. దున్నపోతు ఎక్కడినుంచో పరుగెత్తి వచ్చినట్టు ఆయాసపడుతున్నాడు. ఈ పంతులమ్మ నిన్నటి పంతులమ్మ కాదు కదా అని ఉడుముగారు మెల్లగా విచారించారు.

"అక్కాచెల్లెళ్లండి. ఆ కుటుంబమంతా విద్యాశాఖలోనే ఉంది" అన్నాడు వెంట వచ్చిన చిదంబరం.

మూడో రోజు బూరుగుగుంట. మబ్బు కమ్మింది, ఉరిమింది, చినుకు పడింది.

"మూడు ఊళ్లలోనూ పాఠం ఒకే చినుకు దగ్గర ఆగిందేం?"

"ఏకరూప పాఠ్యప్రణాళికండీ. మన పాలన సాధించిన ఘనతల్లో అదొకటి."

వీరరాఘవులు గారు ఆ మాటను యథాతథంగా నమోదు చేశారు. ఆయనకు సంగతి బోధపడలేదని ఎవరూ అనుకోరాదు. ముందురోజు సాయంత్రమే బోధపడింది. అయితే గ్రహించడం తన విధి కాదనీ, నమోదు చేయడమే తన విధి అనీ ఆయన ముప్పై ఏళ్లుగా నమ్మారు. అలా నమ్మినవారికి నిద్ర బాగా పడుతుంది.

నాలుగో రోజు ఈతచెలమ. వాగు పక్కన, నాలుగు ఈత చెట్ల మధ్య ఉన్న చిన్న గూడెం. తనిఖీ సంగతి విని నాంచారమ్మ అనే దుప్పి తన పిల్లను పక్కకు ఆనించుకుని నడిపిస్తూ, ఆగి ఆగి, వైద్యశాలకు తీసుకొచ్చింది. పిల్ల ముందుకాలు బండరాళ్ల సందులో పడి విరిగింది. విరిగి అప్పటికే మూడు రోజులు. గూడెంలో చూసేవారు లేరు.

భూషణం పిల్లను చూడగానే నక్కనూ తనిఖీనీ మరచిపోయాడు. ఎముక సరిచేసి, నల్లేరు ముద్ద పట్టించి, వెదురు బద్దలతో కట్టు కట్టాడు. చేతులు అంత నేర్పుగా కదలడం ఉడుముగారు మొదటిసారి చూశారు. నలభై రోజులు, రోజు విడిచి రోజు కట్టు మార్చాలనీ, లేకపోతే ఎముక వంకరగా అతుక్కుంటుందనీ వైద్యుడు తల్లికి చెప్పాడు.

వంకర కాలున్న జింక మరో వేసవి చూడదు. ఈ సంగతి అడవిలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు.

"అయితే ఎల్లుండి పొద్దున్నే తీసుకొస్తానయ్యా" అంది నాంచారమ్మ. "మీరుంటారు కదా?"

భూషణం చిదంబరం వైపు చూశాడు. చిదంబరం ఆకాశం వైపు చూశాడు.

"ఉంటాను తల్లీ" అన్నాడు ఎలుగుబంటి, తల వంచుకుని. "తనిఖీ ఉన్నంతసేపూ ఉంటాను."

నాంచారమ్మ అప్పుడు ఉడుముగారి వైపు తిరిగింది. బతిమాలలేదు, కన్నీరు పెట్టుకోలేదు. బండి ఎప్పుడు కదులుతుందని అడిగినట్టు అడిగింది.

"తనిఖీ ఎంతసేపయ్యా?"

పొద్దు కొండ మీద వాలుతోంది. చిదంబరం సిరా బుర్ర ముందుకు జరిపి, నెమలి ఈక అందించాడు. చీకటి పడకముందే అయిదో గూడేనికి సామాను సర్దాలని ఆయన తొందర ఆయనది.

ఉడుముల వంశానికి ఒక గుణం ఉంది. ఒకసారి పట్టుకుంటే వదలవు. దస్త్రాల మధ్య ముప్పై ఏళ్లు గడపడం వల్ల వీరరాఘవులు గారు ఆ సంగతిని దాదాపు మరచిపోయారు. ఆయన ఈక అందుకున్నారు, కొన తుడిచారు, తిరిగి కింద పెట్టారు.

"తనిఖీ పూర్తి కాలేదు."

"ఇంకా ఏం మిగిలిందండీ?"

"చినుకు పడింది కదా. తరువాత ఏమైందో వినాలి."

మరునాడు బడిలో పెద్ద సంకటం వచ్చింది. సభ చూపించమన్నప్పుడల్లా ఆరేళ్లుగా చినుకు దగ్గరే ఆగుతూ వచ్చిన సుభాషిణి పంతులమ్మకు ఆ తరువాత ఏమవుతుందో తెలియదు. ఆమె కాసేపు రెక్కలు సవరించుకుని, పిల్లలను వెంటబెట్టుకుని వాగు ఒడ్డుకు వెళ్లి, నీరు ఎటు పోతోందో వారితో పాటు తానూ చూసింది. పదో రోజుకు పాఠంలోని చినుకు వాగై, వాగు నదై, సముద్రం చేరింది. పంతులమ్మ కూడా అంతదూరం వెళ్లడం అదే మొదటిసారి.

రేవును అన్ని వేళలా పరీక్షించవలెనని నిబంధన ఉంది. ఎన్నిసార్లో అందులో లేదు. వీరరాఘవులు గారు ఉదయం దాటారు, మధ్యాహ్నం దాటారు, సాయంత్రం దాటారు. ఆయనతోపాటు కట్టెలవారు, బాలింతలు, చుట్టపు చూపుగా వెళ్లేవారు అందరూ దాటారు.

"ఈ రోజుకు ఇది ఏడోసారండీ" అన్నాడు గంగులు ఒకనాడు, నడుము నొప్పితో. "అవతలి ఒడ్డున ఏముందని?"

"ఇవతలి ఒడ్డు బాగా కనిపిస్తుంది."

ఇక వైద్యశాల సంగతి. వైద్యుడు ఉన్నాడని మూడు చోట్ల రాశాననీ, వైద్యం ఉందని ఎక్కడా రాయలేదనీ ఉడుముగారు కార్యదర్శికి వివరించారు. ఆ మాట చెప్పవలసింది రోగి. రోగి పరుగెత్తి చెప్పాలి. అంతవరకు వేచి ఉండక తప్పదు.

పన్నెండో రోజున చిదంబరం మళ్లీ వచ్చాడు. ఈసారి తేనె తెచ్చాడు, ముఖానికీ కొంత పూసుకుని వచ్చాడు. నివేదిక అందిన వెంటనే సభామండపం పక్కనున్న తూర్పు ఎండబండను ఉడుముగారి పేర జీవితాంతం రాసివ్వడానికి రాజుగారు సుముఖంగా ఉన్నారని చెప్పాడు. ఉదయం ఎండ మొదట పడేది దాని మీదే. పులిరాజు మామగారు కూడా అడిగితే ఇవ్వని బండ అది.

వయసు మళ్లిన ఉడుముకు ఎండ అంటే ఏమిటో చెప్పనలవి కాదు. వీరరాఘవులు గారు వైద్యశాల వైపు చూశారు. వైద్యశాల ముందు నాంచారమ్మ పిల్ల కట్టు కట్టిన కాలు చాపుకుని, పంతులమ్మ చెప్పినదంతా మొదటి నుంచి అప్పజెబుతోంది.

"ఎండ ఇక్కడా ఉంది" అన్నారు ఉడుముగారు.

ఈలోగా మిగిలిన గూడేల్లో అలజడి మొదలైంది. తనిఖీ కోసం మామిడి తోరణాలు కట్టి కూర్చున్న మూడు గూడేలవారి తోరణాలు వాడిపోయాయి. తనిఖీ జరిగిపోయిన మూడు గూడేలవారికి, తమ బడి, తమ వైద్యుడు, తమ దున్నపోతు తనిఖీ మరునాడే మాయమయ్యారని తెలిసివచ్చింది. ఆరు గూడేలవారూ కలిసి సభకు నడిచివెళ్లారు. వారికి నాయకురాలు రేగులపాడు అడవిపంది, పేరు కోటమ్మ. ఆమె ఒక్క ప్రశ్నే వేసింది.

"మా పంతులమ్మకు ఈతచెలమలో ఒక చెల్లెలుందట. ఆమె అక్కడే ఉంది. మరి మా పంతులమ్మ ఏదండీ?"

చిదంబరం చాలా చదువుకున్న నక్క. ఆయన రెండు జవాబులూ తూచి చూశాడు. ఉన్నది ఒక్కరే అని ఒప్పుకుంటే వడ్రంగిపిట్ట ఆరేళ్ల చాటింపు అబద్ధమవుతుంది. ఏడుగురు ఉన్నారంటే ఆరుగురిని చూపించాలి. చూపించడానికి ఉన్నవారందరినీ ఉడుముగారు ఈతచెలమలో పట్టుకుని కూర్చున్నారు. అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికి దాన్ని నిజం చేయడం తప్ప సభకు మరో దారి లేకపోయింది.

అలా ఆ అడవిలో నియామకాలు జరిగాయి. అన్నీ గొప్పవని చెప్పలేం. కొత్త వైద్యుల్లో ఒకరికి రక్తం చూస్తే కళ్లు తిరిగేవి. ఒక రేవుకు వేసిన దున్నకు ఈత వచ్చు కాని నీళ్లంటే ఇష్టం లేదు. తంగేడుబయలుకు వచ్చిన చిలుక పంతులు పిల్లలు అడిగిన ప్రశ్ననే తిరిగి అడిగేవాడు. అయినా తలుపు తీసి ఉన్న బడి, తలుపు తీసి ఉన్న బడే. పిల్లలు వెళ్లారు.

నలభై రోజులు నిండాక భూషణం కట్టు విప్పాడు. ఎముక తిన్నగా అతుక్కుంది. పిల్ల నాలుగు రోజులు కుంటింది, రెండు రోజులు నడిచింది, ఏడో రోజున ఎవరికీ చెప్పకుండా వాగు ఒడ్డు వెంట పరుగెత్తింది. దాన్ని ఆపడానికి పంతులమ్మ ఎగరవలసి వచ్చింది.

నాంచారమ్మ లేత చిగుళ్లు తీసుకుని వీరరాఘవులు గారి దగ్గరకు వచ్చి, నమస్కరించి, ఏదో చెప్పబోయింది. ఆయన పుస్తకంలోనుంచి తల ఎత్తలేదు.

"నేను తనిఖీ అధికారిని అమ్మా. కాళ్లు నా పరిధిలోకి రావు."

ఆమె చిగుళ్లు అక్కడే పెట్టి వెళ్లింది. ఉడుములు చిగుళ్లు తినవు. ఆయన వాటిని పారేయలేదు.

ఆ మరునాడు వడ్రంగిపిట్ట సభ నుంచి ఒక లేఖ తెచ్చింది.

"అయ్యా, తమరి ఈతచెలమ తనిఖీ ప్రారంభమై నలభై ఎనిమిది దినములు గడచినవి. సదరు రోగి పరుగెత్తుచుండగా సభ కార్యదర్శి స్వయముగా చూచియున్నారు. పాఠము సముద్రము వరకు చేరియున్నది. రేవునందు లోపమేదియు లేదు. కావున ఇంకను తనిఖీ చేయవలసినది ఏమి మిగిలియున్నదో, తమరు ఎప్పుడు వెళ్లెదరో, వైద్యుని, పంతులమ్మను, దున్నపోతును ఏ తేదీన వెనుకకు పంపవచ్చునో తిరుగు టపాలో తెలియజేయగలరు."

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో వచ్చిన ప్రతి లేఖకూ ఆ పూటే జవాబు రాసిన వీరరాఘవులు గారు దీన్ని రెండుసార్లు చదివారు. చివరి వాక్యాన్ని మూడోసారి చదివారు. లేఖను నాలుగు మడతలు పెట్టి, సిరా బుర్ర కింద ఉంచి, రేవుకు వేళ అయిందని లేచారు. ఆ లేఖకు ఆయన జవాబు రాయలేదు.

పిల్లలు దీనివల్ల నేర్చుకోవలసినది: ప్రభుత్వం బాగా నడవాలని కోరేవారు, తమకు అప్పగించిన పనిని ఎన్నడూ సకాలంలో పూర్తి చేయరాదు.