చైర్మన్ గారి కొత్త కంప్యూటర్

"ఇయ్యాల్టి నుంచి మన కేంద్రంల, మనం పిలువని ప్రోగ్రాం ఒక్కటి గూడ నడువది!" అని కోరుట్ల గల్ఫ్ కార్మికుల సహాయ కేంద్రం చైర్మన్ పురుషోత్తం రావు గారు ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు. విలేకరులు చప్పట్లు కొట్టారు. సమోసా చేతిలో ఉన్నాయన తల ఊపాడు.

కంప్యూటర్ గురించి రావు గారికి తెలిసింది తక్కువ. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలియనివాటి మీద గట్టిగా మాట్లాడబట్టే కదా చైర్మన్నయ్యానని లోలోపల ఒప్పుకునేవారు కూడా.

కథ మొదలైంది నర్సక్కతో. ఆమెది కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నం. భర్త శంకరయ్య మస్కట్‌లో చిక్కుకున్నాడు. కంపెనీవాళ్లు పాస్‌పోర్టు గుంజుకుని జీతం ఆపేశారు. అతణ్ణి రప్పించాలంటే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి. ఆపరేటర్ వనిత మీట నొక్కింది. కంప్యూటర్ కదల్లేదు.

"ఏమైంది బిడ్డా?"

"బ్రౌజర్‌తోని అచ్చిన అప్‌డేటర్ సార్. మనం అడగకున్నా ఎనుక నడుసుకుంట కంప్యూటర్‌ను ఆపుతది. బంద్ చేస్తే మళ్ల లేస్తది."

రావు గారికి రోషం వచ్చింది. "అడగకుండ మన ఇంట్ల జొచ్చి, పొమ్మంటె గూడ పోదా?" అన్నారు. పిలవని పెళ్లిళ్లలో, పిలవని వేదికల మీద తానూ అంతే కదా అని ఆ వెంటనే తట్టింది. ఆ ఆలోచనను బంద్ చేశారు. అదీ మళ్ల లేచింది.

"నా దరఖాస్తు, దొరా?" అంది నర్సక్క.

"జర ఆగు నర్సక్కా. ఇది సిద్ధాంతం మాట."

బ్రౌజర్ మార్పించారు. కొత్తది ఒంటరిగా రాలేదు, వాతావరణం చెప్పేదాన్నీ, బేరాలు చెప్పేదాన్నీ వెంటేసుకొచ్చింది. ఇంకొకటి పెట్టించారు. అది బుద్ధిమంతురాలే కానీ, ఈసారి కంప్యూటరే తనంతట తాను అప్‌డేట్ కావడం మొదలుపెట్టింది.

"జాతే మార్చాలె!" అన్నారు రావు గారు.

సిరిసిల్లలో వేరే రకం కంప్యూటర్ ఉందంటే కార్యకర్తలతో వెళ్లి పూలదండ వేసి తెచ్చారు. జగిత్యాల నుంచి పెద్ద నాయకుణ్ణి పిలిచి రిబ్బన్ కట్ చేయించారు. ఆ ప్రెస్‌మీట్ పెట్టింది ఆ రోజే. ఇంటి దగ్గర ఆయన సొంత పసుపు చేను దుంపకుళ్లుతో ఏటేటా పోతోంది, అప్పు పెరుగుతోంది. అది సభలో చెప్పే సంగతి కాదు గనక చెప్పలేదు.

కొత్త కంప్యూటర్ మహా నెమ్మదస్తురాలు. చప్పుడు లేదు.

"చూసిండ్రా, ఎనుక ఏదీ నడుస్తలేదు!"

"ముంగట గూడ సార్," అంది వనిత మెల్లగా. "దరఖాస్తు పేజీ దీంట్ల తెరుచుకుంటలేదు. పాత బ్రౌజర్లనే తెరుచుకుంటదట."

నర్సక్క కొన్నాళ్లు వచ్చి కూర్చుని పోయింది. తర్వాత రావడం మానేసింది. ఒకరోజు మళ్లీ వచ్చింది, పక్కన శంకరయ్యతో. మనిషి సగమయ్యాడు.

రావు గారు విలేకరులను పిలిపించి శంకరయ్యకు శాలువా కప్పారు. "కేంద్రం కృషి ఫలించింది!" అన్నారు.

"దరఖాస్తు ఎట్ల పెట్టిన్రమ్మా?" అని అడిగాడో విలేకరి.

"మా బిడ్డ ఫోన్ల పెట్టింది."

"ఏ బ్రౌజర్?"

"ఏమో సారూ. నడుమ ఏవేవో అచ్చి పోతుండె. మేం పట్టించుకోలె."

ఫొటో తీసుకుని విలేకరులు వెళ్లిపోయారు. నర్సక్క బయటికి నడిచినా శంకరయ్య లేవలేదు.

"దొరా, మళ్ల పోవాలె. మంచి కంపెనీ విజా ఇప్పియ్యున్రి."

"పాణం మీదికచ్చిన తావుకే మళ్లనా?"

"ఈడ పనేడున్నది?"

రావు గారు వనితను చాయ్‌కి పంపించారు. తలుపు దగ్గరికి వేసి, కుర్చీ శంకరయ్య పక్కకు జరుపుకున్నారు.

"శంకరయ్యా, యాభై దాటినోళ్లకు గూడ గాడ పనిస్తరా?"

"ఎవలికి దొరా?"

"ఉన్నడు లే, ఒకాయన."

"ఏం పనత్తది ఆయనకు?"

రావు గారు మెడలో కండువా సర్దుకున్నారు.

"ఉపన్యాసం చెప్పుడత్తది," అన్నారు.