‘శూన్యం’ మీద మూడు మరకలు

కొండరాళ్లు బుల్‌డోజర్లకు తలవంచి, అద్దాల మేడలు అంబరాన్ని చుంబిస్తున్న మాదాపురంలో, ఇరవయ్యో శతాబ్దం కొనఊపిరితో ఉన్న ఒక శుభ శుక్రవారాన, నూతన చిత్రశాలా ద్వారపాలకుడు, లింగంపల్లి కులదీపకుడు, ఖాకీకవచధారి రవీందర్ చొక్కా కాలరు యజమాని భీమేశ్వరరావు పిడికిట్లో నలుగుతోంది.

ఎదురుగా గోడంత తెల్లని పటం. పేరు ‘శూన్యం’. దానిమీద ఏమీ గీయకుండా ఉండటానికి చిత్రకారశిఖామణి జశ్వంత్ రెండేళ్లు తపించాడట. ఆ నిష్కళంక ధవళక్షేత్రం నడుమ ఇప్పుడు మూడు ఎర్రమరకలు, కిందికి కారుతూ.

“తాళం నీ దగ్గరే ఉంది. ఎవడి పనో చెప్పు, లేదా ఉద్యోగం మానెయ్.”

“పూజైనంక కొబ్బరిముక్కలు పంచనీకి కిందికి పోయిన సార్. నాకేం ఎరుక?”

“నా శూన్యాన్ని హత్య చేశారు” అంటూ జశ్వంత్ సోఫాలో కూలాడు.

కొలువు పోతే ఇంటికి ఏ మొహంతో పోవాలి? కాలరు ఆ పిడికిట్లో ఉండగానే రవీందర్ తడిగుడ్డ అనే దివ్యాస్త్రం అందుకుని మరకలపై లంఘించబోయాడు.

“ఆగండి” అంది అప్పుడే వచ్చిన జ్యోత్స్న, పత్రికల్లో చిత్రాల తప్పొప్పులు తేల్చే ధర్మాసనం. “శూన్యంలోంచి నెత్తురు. ఎంత సాహసం. ఎవరిది?”

కాలరు వదులైంది. సోఫాలోని శవం లేచింది.

“నాదే” అన్నాడు జశ్వంత్.

“ఇందాక హత్య అన్నరు గద సార్?”

“హత్యే. కళంటే అదే.”

“మరక నీదెలా అవుతుందయ్యా? మా వాచ్‌మన్ వేశాడు, అది మా చిత్రశాలది” అని భీమేశ్వరరావు రవీందర్ వైపు తిరిగాడు. “ఒప్పుకో, లేదా మానెయ్.”

“జర ఆగుండ్రి సార్. ఇయ్యాల ఒప్పుకుంటే, రేపు తెల్లగున్న గోడలన్నీ నా మీదికే వస్తయి.”

మూలన పూజపళ్లెం సర్దుకుంటున్న అమ్మణ్ణి, భీమేశ్వరరావు భార్య, తల ఎత్తింది.

“అతన్ని వదలండి. కొత్త వస్తువేదీ వదలకూడదని లిఫ్టుకీ, ఏసీకీ, కరెంటు మీటరుకీ బొట్లు పెడుతూ, తడి కుంకుమ కారుతుందని చెబుతున్నా వినకుండా దీనికీ పెట్టారు.”

“ఎవరు పెట్టారు?” అన్నాడు భీమేశ్వరరావు, ఎర్రబడ్డ ఉంగరపు వేలిని గుప్పిట్లో దాచుకుంటూ.

“వారే.”

“వారంటే? పేరు చెప్పండమ్మా” అంది జ్యోత్స్న.

ఆమె నోరు మెదపదని ఆయనకు ధీమా. మొగుడి పేరు పలకని ఇల్లాలు. రవీందర్ తడిగుడ్డ పట్టుకుని ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. అంతట అమ్మణ్ణి పళ్లెం కింద పెట్టి, కొంగు నడుముకు దోపి, దశాబ్దాల పాతివ్రత్య దుర్గానికి తానే గండి కొట్టింది.

“భీమేశ్వరరావు.”